దామరగిద్ద గుట్టల నుంచి షికాగో దాకా

2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం నడిపింది. శంషాబాద్ నుంచి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి భూమి ఒంపు వెంబడి సుమారు 13,280 కిలోమీటర్లు. సముద్రాలు, మంచు ఎడారులు దాటే ఈ దూరాన్ని ఎవరూ టేపు పట్టి కొలవలేదు కదా, మరి ఈ అంకె ఎలా పుట్టింది? దాని వేళ్లలో ఒకటి జహీరాబాద్‌కు ఉత్తరాన, సూటిగా చూస్తే నలభై కిలోమీటర్ల దూరంలో, నారాయణఖేడ్ ప్రాంతంలోని దామరగిద్దలో ఉంది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరం కట్టాలంటే వాటి అక్షాంశ రేఖాంశాలు కావాలి. అంతకన్నా ముందు భూమి ఎంత లావో, ధ్రువాల దగ్గర ఎంత అణిగి ఉందో తెలియాలి. అది తేల్చడానికే సర్వేయర్ విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి, గుట్ట మీంచి గుట్టకు త్రిభుజాలు అల్లుకుంటూ వెళ్లాడు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర మళ్లీ నేల మీద గొలుసు పరిచి లెక్క సరిచూసుకున్నాడు. ఎండకు ఉక్కు గొలుసు సాగుతుంది కాబట్టి కొలతతో పాటు వేడినీ రాసుకోవాల్సి వచ్చేది. కోణాలు కొలిచే థియోడొలైటు బరువు అర టన్ను. దాన్ని గుట్టలెక్కించిన కూలీల పేర ఏ శిఖరమూ లేదు. నాకది బాధగానే ఉంటుంది.

1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో చనిపోయాక పని జార్జ్ ఎవరెస్ట్ చేతికొచ్చింది. దామరగిద్ద నుంచి మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ దాకా, 18 డిగ్రీల 3 నిమిషాల నుంచి 24 డిగ్రీల 7 నిమిషాల వరకు, సాగిన భూమి చాపం కొలతను ఆయన 1830లో పుస్తకంగా అచ్చువేశాడు. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,377.276 కిలోమీటర్లని చెప్పే ఎవరెస్ట్ లెక్క కూడా ఆ ఏడాదిదే. బీదర్ రేఖను 1841లో ఆండ్రూ వా ఇత్తడి, ఇనుము జోడించిన కడ్డీలతో మళ్లీ కొలిచాడు. వేడికి ఒకటి సాగే తీరును రెండోది సరిచేసే ఏర్పాటది.

ఉపగ్రహాలు వచ్చాక ఆ వ్యాసార్ధం 6,378.137గా స్థిరపడింది. తేడా కిలోమీటరు కూడా లేదు! పొదల మధ్య, జ్వరాల మధ్య, చేతిలెక్కలతో అంత దగ్గరికి వచ్చినవాళ్లకు దండం పెట్టాలి. 1998 నుంచి ప్రపంచ పౌర విమానయానం ఈ కొత్త కొలమానాన్నే, డబ్ల్యూజీఎస్-84ను, పాటిస్తోంది. 1975లో విన్సెంటీ ఇచ్చిన సూత్రంలో రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు వేస్తే చాలు, దూరం క్షణంలో వచ్చేస్తుంది.

సమయం అలా తేలదు. షికాగోకు అతి దగ్గర దారి ఉత్తరాన దాదాపు 79వ అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున పదిహేను గంటల లోపే. ఎదురుగాలులు, కొన్ని దేశాల గగనతలాన్ని తప్పించుకునే మలుపులు కలిస్తే పదహారు దాటడం మామూలే. జహీరాబాద్ ప్రయాణికులు దానికి 65వ నంబరు జాతీయ రహదారి మీది గంటలు కూడా కలుపుకోవాలి. పక్కనే ఉన్న బీదర్‌లో 2020 ఫిబ్రవరిలో పౌర విమానాలు మొదలైనా, తొలి సర్వీసు బెంగళూరుకే. అమెరికా వెళ్లాలంటే పెట్టెలు సర్దుకుని శంషాబాద్ బయలుదేరాల్సిందే.