ఫ్యాక్టరీ గోడకెక్కిన చట్టం

కార్మిక చట్టంలో ఏముందో యజమానే తన ఆవరణలో రాయించి పెట్టాలన్న నియమం 1802 నాటి ఇంగ్లండ్ నూలు మిల్లుల్లో మొదలైంది. స్వయంగా మిల్లు యజమాని అయిన సర్ రాబర్ట్ పీల్ చొరవతో ఆ ఏడాది అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. అప్రెంటిస్ పిల్లల చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదనీ, వారికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలనీ అది ఆదేశించింది. చట్టం ప్రతులను మిల్లులో అందరికీ కనబడే చోట్ల వేలాడదీయమంది. పిల్లలకు అక్షరాలు నేర్పమన్న చట్టమే, వాళ్లు చదువుకోవలసిన పాఠంగా తననూ గోడకెక్కించుకుంది. అయితే తనిఖీకి జీతమిచ్చి పెట్టిన అధికారులు లేకపోవడంతో అది చాలాచోట్ల కాగితానికే పరిమితమైంది.

ఆ లోటును 1833 చట్టం నలుగురు ఇన్‌స్పెక్టర్ల నియామకంతో కొంత తీర్చింది. అయినా ఏ పిల్లవాడు ఎప్పుడు పనిలోకి దిగాడో తేల్చడం కష్టమయ్యేది. అందుకే 1844 చట్టం పని గంటలను ఊరందరికీ కనబడే గడియారం ప్రకారం లెక్కించాలంది, భోజన విరామ వేళలను మిల్లులో ప్రకటించాలంది. అప్పటినుంచి గోడ మీది కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలో కొలబద్ద అయింది.

భారతదేశంలో తొలి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. ఈ నియమానికి స్పష్టమైన రూపమిచ్చింది మాత్రం 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం. దాని 108వ సెక్షన్ ప్రకారం నోటీసులు ఇంగ్లీషులోనూ, అక్కడి కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాల్సి వచ్చేది. ప్రధాన ద్వారం దగ్గర సులువుగా కనబడాలనీ, మాసిపోకుండా చదవడానికి వీలుగా ఉండాలనీ అది చెప్పింది. 61వ సెక్షన్ పని వేళల నోటీసు పెట్టమంటే, 63వ సెక్షన్ ఆ వేళలను దాటి పని చేయించరాదంది. అంటే యజమాని స్వయంగా అతికించిన కాగితమే అతన్ని కట్టేసేది. ఈ మొత్తం ఏర్పాటులో అసలు బలం ఇక్కడే ఉండేది.

1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కూడా ఇలాంటిదే. షిఫ్టులు, సెలవులు, దుష్ప్రవర్తన కింద ఏవేవి వస్తాయి వంటి షరతులన్నీ గేటు దగ్గర ప్రత్యేక బోర్డుల మీద ఉండాలంది. వేతనాల చెల్లింపు చట్టం (1936), కనీస వేతనాల చట్టం (1948), ప్రసూతి ప్రయోజనాల చట్టం (1961) తమ తమ నోటీసులను చేర్చాయి.

భాష విషయంలో మాత్రం ఒక లోపం మిగిలింది. ఎక్కువమందికి అర్థమయ్యే భాష చాలునన్నప్పుడు తక్కువమంది బయటే ఉండిపోతారు. హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో ఇంగ్లీషుతో పాటు తెలుగు నోటీసు పెడితే ఫ్యాక్టరీల చట్టం తృప్తిపడేది, కానీ అక్కడే పనిచేసే కొద్దిమంది ఒడియా కార్మికులకు అది అందేది కాదు. వలస కూలీలు ఇంతగా పెరిగిన కాలంలో వాళ్ల భాషలోనూ నోటీసు పెట్టడమే న్యాయం.

పని స్థలంలో లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం, వేధింపులకు పడే శిక్షలనూ అంతర్గత కమిటీని నియమించిన ఉత్తర్వునూ ప్రదర్శించమంది. ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో ఉద్యోగినికి ముందే తెలియడం దీనివల్లే సాధ్యం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ పాత వేతన చట్టాలను కలిపేసినా నోటీసు బోర్డును వదల్లేదు. కోడ్ సారాంశం, విభాగాలవారీ వేతన రేట్లు, జీతమిచ్చే రోజు, సమయం, ఇన్‌స్పెక్టర్ పేరు, చిరునామా దాని మీద ఉండి తీరాలి.