స్టార్ వార్స్ అభిమానుల వివాదాలు

జార్జ్ లూకస్ సృష్టించిన అంతరిక్ష కాల్పనిక చిత్రమాల ‘స్టార్ వార్స్’లో కొత్త చిత్రం వచ్చిన ప్రతిసారీ దాని కథ గురించి, పాత్రల నడత గురించి, పాత చిత్రాలతో దానికి కుదిరిన లేదా కుదరని పొత్తు గురించి అభిమానుల మధ్య సాగుతూ వచ్చిన వాదోపవాదాలకు నాలుగు దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. 1977 మే 25న అమెరికాలో కేవలం 32 థియేటర్లలో మొదలైన ఈ మాల 2019 నాటికి మూడు త్రయాలుగా, అంటే మూడేసి భాగాల మూడు కథలుగా, తొమ్మిది ప్రధాన చిత్రాలకు చేరింది. పైకి ఇది సినిమా బాగుందా లేదా అన్న తర్కంలాగే కనిపించినా, అడుగున ఉన్నది మాత్రం కథ మీద హక్కు ఎవరిది, తీసినవాడిదా, కొనుక్కున్నవాడిదా, చిన్ననాటి నుంచి మనసులో మోసుకొచ్చినవాడిదా అన్న తగవు.

తొలి పెద్ద చర్చ 1980లో వచ్చిన రెండో చిత్రం ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’తో మొదలైంది. అందులో ప్రతినాయకుడు డార్త్ వేడర్ తానే కథానాయకుడు ల్యూక్ స్కైవాకర్ తండ్రినని చెప్పడం, చిత్రం ఆ ముడి విప్పకుండానే ముగియడం, తరువాయి భాగానికి మూడేళ్లు ఆగవలసి రావడం వల్ల వేడర్ చెప్పింది నిజమా అబద్ధమా అన్నది అభిమానులకు పెద్ద చిక్కుముడి అయింది. ఈ రహస్యాన్ని దాచడానికి చిత్రీకరణ సమయంలో వేడర్ వేషధారి చేత వేరే మాట పలికించారు. ల్యూక్ పాత్రధారి మార్క్ హామిల్‌కు అసలు సంగతి దర్శకుడు ఇర్విన్ కెర్ష్నర్ షాట్‌కు కాస్త ముందు మాత్రమే చెప్పాడు. వేడర్‌కు గొంతునిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ సైతం ఆ వాక్యం చదివినప్పుడు వేడర్ అబద్ధమాడుతున్నాడనే అనుకున్నానని తరువాత చెప్పుకున్నాడు. 1983లో ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ వచ్చి ఆ సందేహం తీర్చింది గానీ, ఎలుగుబంటి బొమ్మల్లాంటి ఈవాక్‌లు సామ్రాజ్య సైన్యాన్ని ఓడించడం పిల్లల బొమ్మల అమ్మకం కోసమేనన్న కొత్త ఫిర్యాదుకు చోటిచ్చింది. తర్వాతి తగవులన్నిటి మూలరూపం ఈ ఫిర్యాదులోనే ఉందని చెప్పవచ్చు.

ఆ రోజుల్లో వాదనకు వేదికలు అభిమాన పత్రికలు, అంటే ఔత్సాహికులు సొంత ఖర్చుతో సైక్లోస్టైల్ చేసో ఫోటోకాపీలు తీసో తపాలాలో పంచుకునే చిన్న సంచికలు. లూకస్‌ఫిల్మ్ సంస్థ అధికారిక అభిమాన సంఘం ఒక వార్తాలేఖను నడిపేది. మూడో చిత్రానికి మొదట ప్రతీకారం అన్న అర్థమిచ్చే పేరు పెట్టి, జెడై యోధులు ప్రతీకారం కోరరని లూకస్ ఆ పేరు మార్చినప్పుడు, అప్పటికే అచ్చయిన పాత పేరు పోస్టర్లను ఆ సంఘం సభ్యులకే అమ్మారు.

ఈ చర్చల్లో తరచు వినిపించే ‘కానన్’ అన్న మాటకు ప్రామాణిక కథ అని అర్థం. కల్పిత లోకంలో నిజంగా జరిగినవిగా లెక్కకు వచ్చే సంఘటనల సముదాయం అది. మహాభారతంలో మూలమేది, ప్రక్షిప్తమేది అని పండితులు తేల్చుకోవడం లాంటిదే ఈ విభజన, కాకపోతే ఇక్కడ తేల్చేది పరిష్కర్తలు కాదు, హక్కులున్న వ్యాపార సంస్థ. 1991లో టిమొతీ జాన్ రాసిన ‘హెయిర్ టు ది ఎంపైర్’ నవల విజయంతో మూడో చిత్రం తర్వాతి కథను కొనసాగించే నవలలూ కామిక్స్ పుట్టగొడుగుల్లా వెలువడ్డాయి; వాటిలో ల్యూక్‌కు పెళ్లయింది, సంతానమూ కలిగింది. 2012 అక్టోబరు 30న డిస్నీ సంస్థ లూకస్‌ఫిల్మ్‌ను సుమారు 405 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. 2014 ఏప్రిల్‌లో ఆ నవలలన్నిటినీ ‘లెజెండ్స్’ అన్న పేరు కింద ప్రామాణిక కథ నుంచి తప్పించడంతో, ఇరవై ఏళ్లుగా చదివి గుర్తుంచుకున్న ఒక వంశవృక్షం ఒక్క ప్రకటనతో జరగనిదైపోయింది. తరువాతి చిత్రాల మీద వెల్లువెత్తిన ఆగ్రహంలో కొంత పాలు అప్పుడే పోగుపడింది.

అంతకు చాలా ముందే, 1997లో, లూకస్ తన మూడు పాత చిత్రాలనూ కంప్యూటర్ దృశ్యాలతో సవరించి ‘స్పెషల్ ఎడిషన్’ పేరుతో మళ్లీ విడుదల చేశాడు. మొదటి చిత్రంలో దొంగరవాణా చేసే హాన్ సోలో తనను పట్టుకోవడానికి వచ్చిన గ్రీడోను సారాదుకాణంలో బల్ల కింద నుంచి తుపాకీ పేల్చి చంపుతాడు. కొత్త ప్రతిలో గ్రీడో ముందు కాల్చి, బల్లకు అవతల కూర్చున్న మనిషిని సైతం గురి తప్పుతాడు, ఆ తర్వాతే హాన్ కాలుస్తాడు. కొన్ని క్షణాల ఈ మార్పు మీద చర్చ ఇరవై ఏళ్లకు పైగా నడిచిందంటే కారణం లేకపోలేదు: ముందు కాల్చిన హాన్ తన స్వార్థం తప్ప ఎరగని మనిషి, చివరలో మిత్రుడి కోసం తిరిగి వచ్చినప్పుడు అతను మారాడని ప్రేక్షకుడికి తెలుస్తుంది, ఆత్మరక్షణ కోసమే కాల్చిన హాన్‌కు మారవలసిన అవసరమే లేదు. హాన్ ముందు కాల్చాడన్న నినాదం చొక్కాల మీదికెక్కింది. 2004 డీవీడీలో రెండు కాల్పులూ దాదాపు ఒకేసారి జరిగేలా సవరించారు, 2019లో గ్రీడో నోట అర్థం తెలియని ఒక మాట కూడా చేర్చారు. నలుపు తెలుపు చిత్రాలకు రంగులద్దడం సాంస్కృతిక వారసత్వాన్ని చెరపడమేనని 1988లో అమెరికా కాంగ్రెస్ ముందు వాదించినవాళ్లలో లూకస్ ఒకడు కావడంతో, ఆయన మాటనే ఆయన మీదికి ప్రయోగించడం అభిమానులకు సులువైంది.

రెండో త్రయంలో మొదటిదిగా 1999 మే 19న విడుదలైన ‘ది ఫాంటమ్ మెనేస్’ కోసం హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్ ముందు జనం వారాల తరబడి వరుసకట్టారు. అంతకు ఆరు నెలల ముందు కేవలం ట్రైలర్ చూడటానికి వేరే సినిమాకు టికెట్టు కొని, ట్రైలర్ కాగానే లేచిపోయినవాళ్లూ ఉన్నారు. అంత ఎదురుచూపు తర్వాత వచ్చిన నిరాశ రెండు విషయాల చుట్టూ తిరిగింది. ఒకటి జార్ జార్ బింక్స్ అనే హాస్యపాత్ర. రెండోది ‘మిడిక్లోరియన్లు’: విశ్వమంతటా వ్యాపించిన శక్తిగా తొలి చిత్రంలో చెప్పిన ‘ఫోర్స్’ ఎవరిలో ఎంత పలుకుతుందో రక్తంలోని సూక్ష్మజీవులను లెక్కించి తేల్చవచ్చన్నది ఆ కల్పన, సాధనతో దక్కే విద్య అనుకున్నది రక్తపరీక్షలో తేలే అంకె కావడం చాలామందికి మింగుడుపడలేదు. ఒక ఎడిటర్ ఈ చిత్రాన్ని ఇంచుమించు 20 నిమిషాలు కుదించి ‘ది ఫాంటమ్ ఎడిట్’ పేరుతో ప్రతులు పంచిపెట్టడంతో, నచ్చని సినిమాను తిట్టడంతో ఆగక తమకు నచ్చినట్టు కోసుకునే పద్ధతి అందరి దృష్టికీ వచ్చింది.

వివాదాల చరిత్రలో అన్నిటికన్నా తీవ్రమైనది 2017 డిసెంబరులో విడుదలైన ‘ది లాస్ట్ జెడై’కి సంబంధించినది. దానికి ముందు 2015లో జె.జె. అబ్రమ్స్ తీసిన ‘ది ఫోర్స్ అవేకెన్స్’ ఐర్లండ్ తీరంలోని స్కెలిగ్ మైకేల్ దీవి మీద ఒక మౌన దృశ్యంతో ముగిసింది: అనాథ యువతి రే మెట్లెక్కి వచ్చి, ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్న ల్యూక్‌కు ఒకప్పుడు అతని చేతిలో ఉండిన లైట్‌సేబర్‌ను, అంటే కాంతి ఖడ్గాన్ని, చెయ్యి చాచి అందిస్తుంది. రెండేళ్లపాటు అభిమానులు ఆ చాచిన చేతి దగ్గరే ఆగి, ల్యూక్ ఏమంటాడో, రే తల్లిదండ్రులెవరో ఊహాగానాలు చేశారు. కొత్త చిత్రంలో దర్శకుడు రయన్ జాన్సన్ అదే క్షణాన్ని అందుకుని, ల్యూక్‌ను ఆ ఖడ్గం తీసుకోనిచ్చి, అతని చేతే దాన్ని భుజం మీదుగా వెనక్కి విసిరేయించాడు. రే తల్లిదండ్రులు ఎవరూ కారని, తాగుడు కోసం పిల్లను అమ్ముకున్న అనామకులని తేల్చాడు. పరమ ప్రతినాయకుడు అనుకున్న స్నోక్‌ను పూర్వకథ ఏదీ చెప్పకుండానే చంపించాడు.

వ్యతిరేకుల ముఖ్య వాదన ల్యూక్ స్వభావానికి సంబంధించినది. గెలాక్సీ అంతా రాక్షసుడనుకున్న తండ్రిలో సైతం మంచిని వెతికినవాడు, నిద్రపోతున్న మేనల్లుడి మీద క్షణమైనా కత్తి ఎత్తుతాడా అన్నది వారి ప్రశ్న. సమర్థకులు ఆ ఘటన చిత్రంలో ఇద్దరి నోట మూడు రకాలుగా వినిపిస్తుందని, ల్యూక్ గురువులు ఓబీ వాన్, యోడా ఇద్దరూ ఓటమి తర్వాత ఏకాంతవాసానికి వెళ్లినవారేనని, చివరలో అతను కాలు కదపకుండా తన ప్రతిబింబాన్ని మాత్రమే యుద్ధభూమికి పంపి, ఎవరినీ చంపకుండా తనవాళ్లను కాపాడటం పాత చిత్రంలో తండ్రి ముందు ఆయుధం పారేసిన ల్యూక్‌కు తగిన ముగింపేనని బదులిచ్చారు. గ్రంథాలు చదివినట్టే చిత్రాలను చదివి సాగిన ఈ భాగం వాదంలో మేలైనది. హామిల్ సైతం తన పాత్రపై దర్శకుడి ఆలోచనతో విభేదించానని బాహాటంగా చెప్పి, తరువాత అలా బయటికి చెప్పినందుకు చింతించాడు. సాంకేతిక అభ్యంతరాలకూ కొదవలేదు: హోల్డో అనే సేనాని కాంతిని మించిన వేగంతో తన ఓడను శత్రునౌకలోకి దూకించే దృశ్యం, ఆ సమయంలో ధ్వని పూర్తిగా ఆగిపోవడం, అందం విషయంలో ఇరుపక్షాల మెప్పూ పొందినా, ఇది సాధ్యమైతే వెనకటి యుద్ధాల్లో ఎవరూ ఎందుకు చేయలేదన్న ప్రశ్నను లేపింది. ఆ నిశ్శబ్దం స్పీకర్ల లోపం కాదని కొన్ని అమెరికన్ థియేటర్లలో నోటీసు అంటించారు.

ఎంతమందికి నచ్చలేదన్నది వేరే తగవయింది. రాటెన్ టొమేటోస్ సైటులో విమర్శకుల్లో సుమారు 90 శాతం మెచ్చగా ప్రేక్షకుల అంకె సగానికి లోపే ఉంది. అయితే అక్కడ అప్పట్లో సినిమా చూడనివాళ్లూ ఓటు వేయగలిగేవారు. హాలు నుంచి బయటికొచ్చే వాళ్లను అడిగి లెక్కకట్టే సినిమాస్కోర్ మాత్రం ‘ఏ’ శ్రేణి ఇచ్చింది. ప్రపంచవ్యాప్త వసూళ్లు సుమారు 133 కోట్ల డాలర్లు. ముందు చిత్రం 200 కోట్లు దాటినందున ఈ ఒక్క అంకెనే ఒకరు విజయమని, మరొకరు పతనమని చూపారు. చిత్రాన్ని ప్రామాణిక కథ నుంచి కొట్టివేయాలన్న వినతిపత్రంపై లక్ష మందికి పైగా సంతకం చేశారు; స్త్రీ పాత్రలను వీలైనంత తొలగించి 46 నిమిషాలకు కుదించిన ప్రతి ఒకటి ప్రచారంలోకి వచ్చింది. దర్శకుడిని ఉద్దేశించిన ట్వీట్లను పరిశీలించిన మోర్టెన్ బే అనే పరిశోధకుడు 2018లో, వాటిలో ప్రతికూలమైనవి అయిదో వంతు మాత్రమేనని, అందులోనూ సగం రాజకీయ ఉద్దేశంతో రాసినవో, యంత్ర ఖాతాల నుంచి వచ్చినవో అని తేల్చాడు. చిత్రం నిజంగానే నచ్చనివాళ్లకు ఈ తీర్పు తమ నోరు నొక్కే సాకుగా తోచింది. రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మేరీ ట్రాన్ జాత్యహంకార దూషణలు భరించలేక 2018లో తన ఇన్‌స్టాగ్రామ్ చిత్రాలన్నీ తొలగించి, ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో తన అనుభవం రాసింది. ఈ దూషణను వాదనకు కొనసాగింపుగా చూడటం సరికాదు. ఆమె పాత్రను రాసింది ఆమె కాదు.

2019 డిసెంబరులో అబ్రమ్స్ తిరిగి వచ్చి తీసిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ ఈ తగవును చల్లార్చబోయి చాలామందిని మెప్పించలేకపోయింది. రే చక్రవర్తి పాల్పటీన్ మనవరాలైంది, రోజ్ తెర మీద కనిపించే సమయం ఒకటి రెండు నిమిషాలకు తగ్గింది, హోల్డో సాహసం లక్షల్లో ఒకసారి ఫలించేదని ఒక పాత్ర చేత చెప్పించారు. చనిపోయిన పాల్పటీన్ తిరిగొచ్చినట్టు గెలాక్సీకి చాటే ప్రసారాన్ని చిత్రం మొదట తెర మీద నడిచే అక్షరాల్లో ప్రస్తావించి వదిలేశారు; ఆ ప్రసారం వినాలంటే కొద్ది రోజుల ముందు ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్ ఆడి ఉండాలి.

ఆ తర్వాత కొన్నేళ్లు ఈ మాలలో కొత్త సినిమా రాలేదు, చర్చ డిస్నీ ప్లస్ ధారావాహికలకు మళ్లింది. ఈ లోపల 1999లో ఎనిమిదేళ్ల వయసున్నవాళ్లు పెద్దవాళ్లై, ఒకప్పుడు అన్నలూ నాన్నలూ ఈసడించిన రెండో త్రయాన్ని తమ చిన్ననాటి సినిమాలుగా వెనకేసుకొచ్చారు. 2024 మేలో ‘ది ఫాంటమ్ మెనేస్’ పాతికేళ్ల సందర్భంగా మళ్లీ థియేటర్లకు వచ్చింది. జార్ జార్ పాత్రధారి అహ్మద్ బెస్ట్ ఆనాటి దూషణలు తనను ఆత్మహత్య ఆలోచన దాకా తీసుకెళ్లాయని 2018లో వెల్లడించాడు. 2023 మార్చిలో ‘ది మాండలోరియన్’ మూడో సీజన్‌లో అతను జెడై యోధుడిగా, రెండు లైట్‌సేబర్లతో శత్రుసైనికులను అడ్డుకుని పసివాడైన గ్రోగును కాపాడే వేషంలో తెర మీదికి వచ్చినప్పుడు, ఎదురైనది హర్షధ్వానం.