పొరుగు భాష మాట్లాడే దెయ్యం

దెయ్యాలకీ ఒక భాష ఉంటుంది. 1993లో వచ్చిన మలయాళ సినిమా ‘మణిచిత్రత్తాళ్’లో నాగవల్లి తంజావూరు నర్తకి, పూనితే తమిళం మాట్లాడుతుంది. 2005లో పి.వాసు ఆ కథనే తమిళంలో ‘చంద్రముఖి’గా తీశారు. అందులో నర్తకి తెలుగామె. రెండింటిలోనూ భయపెట్టేది పొరుగు భాషే.

మా తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఇళ్లలో తెలుగు మిగిలింది. బస్సులో తెలుగు మాట్లాడితే కొందరు మమ్మల్ని ‘చంద్రముఖి’ అని ఏడిపిస్తారు.

2010లో వాసు తెలుగులో ‘నాగవల్లి’ తీశారు. ఆమె మళ్లీ వచ్చింది. ఇందులో వెంకటేష్ వేసిన డాక్టరు, ‘చంద్రముఖి’లో రజనీకాంత్ వేసిన డాక్టర్ ఈశ్వర్‌కి శిష్యుడు. అంటే పాత సినిమా సంగతి ఈ సినిమాకి తెలుసన్నమాట. ఇక్కడ ఆమె మాట చూసేవాళ్లందరికీ అర్థమవుతుంది. అందుకే భయం ఆమెని చంపిన రాజు మీదికి మళ్లింది. భాష తెలిస్తే దెయ్యం బాధ కూడా వినబడుతుందని నాకనిపిస్తుంది.