పావు మైలు బాటపై శక్తిసాధన

రెండవ ప్రపంచయుద్ధానంతరము దక్షిణ కాలిఫోర్నియాలో వాడుక తప్పిన విమానపు రన్‌వేలపైనను, ఎండిన సరస్సుల తలములపైనను, పాత కార్లను స్వహస్తములతో విప్పి బిగించుకొని వేగమును పరీక్షించుచుండిన యువకులకు ఒక క్రమశిక్షణ కల్పింపవలెనను సంకల్పముతో వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషనును స్థాపించెను. నిలిచిన చోటినుండి కదలి 1320 అడుగులను, అనగా పావు మైలును, ఎవరు ముందు దాటుదురో తేల్చు డ్రాగ్ రేసు చరిత్రలో రెండు ప్రశ్నలు ఆద్యంతము పెనవైచుకొనియున్నవి: ఇంజనునుండి ఎంత శక్తిని రాబట్టవచ్చును? ఎంతవఱకు రాబట్టుట యుక్తము?

ఇంజనులో కాలునది ఇంధనమే యైనను, ఎంత ఇంధనము కాలగలదో నిర్ణయించునది గాలి. కావుననే ఆ మెకానిక్కులు, జనరల్ మోటార్సువారి రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజనులకు అమర్చెడి రూట్స్ బ్లోయరును తెచ్చి తమ ఇంజనులపై బిగించి, సిలిండర్లలోనికి గాలిని బలవంతముగా నెట్టించిరి. అయితే ఆ బ్లోయరును త్రిప్పు శక్తిని ఆ ఇంజనే సమకూర్పవలెను. ఒత్తిడి హెచ్చినకొలది గాలి వేడెక్కి, మిశ్రమము అకాలమున భగ్గుమని పిస్టన్లను చెఱచును.

రెండవ మార్గము, తన అణువులోనే ప్రాణవాయువును ధరించిన నైట్రోమీథేను. ఒక పాలు పెట్రోలు కాలుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలసియుండగా దీనికి 1.7 పాళ్లు చాలును. అందువలన, కిలో ఒక్కంటికి వెలువరించు ఉష్ణము పెట్రోలుదానిలో నాలుగవవంతే యైనను, అంతే గాలితో ఇది రెండింతలకు పైబడిన శక్తి నొసగును. వేగము ప్రమాదకరమగుచున్నదని 1957లో సంఘము నిషేధించిన ఈ ఇంధనమునకు 1964 నాటికి మరల అనుమతి లభించెను. ఆ వేసవిలోనే న్యూజెర్సీయందలి గ్రేట్ మెడోస్‌లో డాన్ గార్లిట్స్ అను డ్రైవరు గంటకు 200 మైళ్ల వేగమును దాటెను.

ఆ కాలపు కార్లలో డ్రైవరు ఇంజను వెనుక, గేరుపెట్టెకు చేరువగా కూర్చుండెడివాడు. 1970 మార్చి 8వ తేదీన కాలిఫోర్నియాలోని లయన్స్ బాటపై గేరుపెట్టె ప్రేలి గార్లిట్స్ కుడిపాదములో కొంతభాగము తెగిపోయెను. ఆ మహాసాహసి క్రీడను విడువలేదు, శక్తిని తగ్గింపనులేదు. ఇంజనును తన వెనుకకు మార్చి, 1971లో పొమోనాయందు జరిగిన వింటర్‌నేషనల్స్ పోటీలో జయించెను. కొలది యేండ్లలోనే అట్టి కార్ల తరగతిలో ఎల్లరును ఆ పద్ధతినే అవలంబించిరి.

నేడు అగ్రశ్రేణిలో ఇంజను పరిమాణము 500 ఘనపుటంగుళములకు, నైట్రోమీథేను నూటికి 90 పాళ్లకు పరిమితము. టైర్లు నేలను పట్టగలిగినంత శక్తియే కారును నడపును, తక్కినది పొగగా పోవును. కావున క్లచ్‌ను క్రమక్రమముగా పట్టించుటయే అందలి పరమనైపుణ్యము. ప్రతి పరుగు తరువాత ఇంజనును విప్పి, అరిగిన భాగములను మార్చుదురు. 2008లో స్కాట్ కలిట్టా అను డ్రైవరు ప్రమాదమున మరణింపగా, ఈ శ్రేణిలో పరుగును 1000 అడుగులకు కుదించిరి. గార్లిట్స్ ఇంజనును వెనుకకు మార్చుటయు, సంఘము పరుగును కుదించుటయు, ఏ వేగపు రికార్డునకును తీసిపోని విజయములని నా దృఢవిశ్వాసము.