నూజివీడును ఇచ్చేసిన సంధి

చిన్నరసాల నూజివీడు ఈస్టిండియా కుంపినీ పాలనలోకి వెళ్లడం 1766 నవంబరు సంధితో ఖాయమైంది. ఒకవైపు పూనా మరాఠాలు, మరోవైపు మైసూరు హైదర్. నడుమ నలిగిన హైదరాబాదు నిజాం అలీఖాన్, అవసరానికి కుంపినీ సైన్యం పంపుతుందన్న మాట నమ్మి, ఏటా కొంత సొమ్ముకు నూజివీడు ఉన్న ఉత్తర సర్కారులను వదులుకున్నాడు.

ఆ మాట 1795లో ఖర్దా దగ్గర తేలిపోయింది. మరాఠాలు విరుచుకుపడితే కుంపినీ గవర్నర్ జనరల్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. నిజాం ఓడాడు.

అయినా 1798లో మళ్లీ కుంపినీతోనే సైన్య సహకార ఒప్పందం! మరాఠాల భయం నిజమైనదే, తప్పు పట్టలేం. కానీ ఫ్రెంచివాళ్లు తీర్చిన సొంత పటాలాలను రద్దు చేసుకోవడం ఆత్మరక్షణను తాకట్టు పెట్టడమే. ఆరు కుంపినీ పటాలాల ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలు దాటింది.

1800లో సైన్యం ఖర్చు కింద బళ్లారి, కడప సీమలూ పోయాయి. 1928 నంద్యాల సభలో రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా అవి దత్తమండలాలే.