మస్కి బండ మీద పేరు, మన దస్తావేజులో పేరు



పోయిన సమావేశంలో మన క్యాంపు కుర్రాడొకడు అడిగాడు. "అంకుల్, తాతగారి కాలం నాటి అగ్రిమెంటు కాగితం ఉంది. అప్పట్నుంచీ సాగు మాదే. ఇంక రిజిస్ట్రేషన్ ఎందుకు?" అక్కడ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో అమ్మ నేర్పింది. తప్పులుంటే సర్దుకోండి.

ముందు మన ఊరి బండ దగ్గర మొదలుపెడతాను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపి చదివాడు. దేశమంతా దొరికిన ఆ శాసనాల్లో "దేవానాంపియ పియదసి" అని బిరుదులే ఉన్నాయి. ఆ రాజు అశోకుడేనని సింహళ గ్రంథాల ఆధారంతో పండితులు అన్నారు గానీ, శాసనంలోనే పేరు కనపడలేదు. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజినీరు మస్కి గుట్ట మీద ఒక శాసనం చూశాడు. అందులో "అసోక" అని పేరు స్పష్టంగా ఉంది. ప్రిన్సెప్ చదివిన డెబ్భై ఎనిమిదేళ్ళకు అనుమానం తీరింది. అంత పెద్ద చక్రవర్తికే రాతలో పేరు లేకపోతే ఇంత చర్చ జరిగింది. మన ఆరెకరాల సంగతి చెప్పాలా?

తర్వాతి కాలపు రాజులు భూమి దానం చేస్తే రాగిరేకు మీద రాయించేవారు. ఇచ్చింది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు, నాలుగు దిక్కులా హద్దులేమిటి, ఏ రోజు ఇచ్చారు, అన్నీ ఉండేవి. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని "ఆచంద్రార్కం" అని రాసేవారు. లాక్కున్నవాడికి శాపం కూడా చివర్లో ఉండేది. నేటి దస్తావేజు చూడండి, అవే అంశాలు. శాపం స్థానంలో సబ్ రిజిస్ట్రార్ ముద్ర వచ్చింది, అంతే.

ఇంగ్లీషువాళ్ళ ఏలుబడిలో 1864 నుంచి వరసగా రిజిస్ట్రేషన్ చట్టాలు వచ్చాయి. ఇప్పటికీ నడుస్తున్నది 1908 నాటిది. మన రాయచూరు మాత్రం 1948 దాకా నిజాం రాజ్యంలో ఉంది. అందుకే పాత కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. అది కన్నడ పాలనలోకి వచ్చింది 1956 నవంబరు 1న.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమ కాలువ వెంట కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి మనవాళ్ళు వచ్చారు. అక్కడ ఎకరం అమ్మి ఇక్కడ ఎక్కువ కొన్నారు. గుడిసెలు వేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. కొన్నప్పుడు చాలామంది స్టాంపు కాగితం మీద రాయించుకుని, వేలిముద్ర వేయించుకుని, డబ్బు ఇచ్చేశారు. నమ్మకం అలాంటిది.

మా మామగారూ అంతే. ఆరెకరాలు. ఆయన పోయాక పిల్లలు పంచుకోబోతే పహణీలో ఇంకా అమ్మినవారి పేరే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, వారసులు ఏడుగురు. ఆయన పెద్దకొడుకు దగ్గరికి నేనూ మా బావమరిదీ వెళ్ళాం. పెద్దాయన కాగితం మీద వేలిముద్ర చూసి, "నమ్మప్ప హెబ్బెట్టు ఒత్త్యాన, మాతంద్ర మాతు" అన్నాడు. నాన్న వేలిముద్ర వేశాడు, మాటంటే మాటే అని. తన వాళ్ళను తనే నచ్చజెప్పి ఆరుగురిని ఆఫీసుకు తెచ్చాడు. ఏడో మనిషి రాలేదు. అతని వాటాకు నేటి ధర ప్రకారం రెండోసారి డబ్బిచ్చాకే సంతకం పెట్టాడు. మా బావమరిది ఆడపిల్ల పెళ్ళికి దాచింది అందులో పోయింది. అతన్ని నేను తప్పుపట్టను. కాగితంలో లోటు మాది.

నేను గూడ్స్ ఆఫీసులో ఏళ్ళ తరబడి కూర్చున్నాను. రైల్వే రసీదు లేకుండా వచ్చి "సరుకు నాదే, అందరికీ తెలుసు" అంటే ఇచ్చేవాళ్ళం కాదు. భూమీ అంతే.

ఇప్పుడు గుర్తుపెట్టుకోవలసినవి:

వంద రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైతేనే హక్కు మారుతుంది. దస్తావేజు మీద సంతకమైన నాలుగు నెలల్లో ఆఫీసులో దాఖలు చేయాలి. తగిన కారణముంటే జరిమానాతో ఇంకో నాలుగు నెలలు.

సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పకుండా ఉండాలి. కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే పక్కన సంతకం పెట్టాలి. 2001 సవరణ నుంచి ఫోటోలు, వేలిముద్రలు కూడా కావాలి.

జిల్లాలో వాడుకలో లేని భాషలో రాసిన దస్తావేజుకు సరైన అనువాదం జతచేయాలి. ఇక్కడ కన్నడంలోనే రాయించండి, కానీ అర్థమయ్యేలా చదివించుకున్నాకే సంతకం పెట్టండి.

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్మకం హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది.

ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీలకు మంజూరు చేసిన భూమిని సర్కారు అనుమతి లేకుండా కొంటే, 1978 చట్టం ప్రకారం రిజిస్టరైనా నిలవదు.

కొనేముందు ఋణభార పత్రం తీయించండి. తమిళంలో దాన్ని విల్లంగ సర్టిఫికెట్ అంటారు. విల్లంగం అంటే చిక్కు. పేరులోనే హెచ్చరిక ఉంది. 2005 తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకూ సమాన హక్కు ఉంది కాబట్టి వాళ్ళ సంతకాలు మరవకండి. రిజిస్ట్రేషన్ అయ్యాక పహణీలో పేరు మారిందో లేదో మీరే చూసుకోండి.

ఆ అబ్బాయికి నా జవాబు ఇదే. నాయనా, మీకు అమ్మినవారి పిల్లలు మాట మీద నిలబడే మనుషులై, బతికుండగానే వెళ్ళి కలవండి. ఆ పెద్దాయన రెండేళ్ళ కిందట పోయారు. మేము ఆలస్యం చేసి ఉంటే ఏడుగురిలో ఒక్కరూ వచ్చేవారు కాదేమో.

ఈ ఆదివారం అందరూ మీ ట్రంకుపెట్టెల్లో కాగితాలు బయటికి తీయండి. తెలిసిన వకీలుకు చూపించండి. ఉర్దూ కాగితాలుంటే పారేయకండి, సంఘం ఆఫీసుకు తెస్తే చదివించే మనిషిని వెతుకుదాం. నాకు తెలిసినంత నేనూ కూర్చుని చూస్తాను.