ఎడారి బండికి ఇంధనం

ఎడారి దాటే ఒంటె దారిలో ముళ్ళపొద కనబడితే మేస్తుంది, బావి కనబడితే తాగుతుంది. మోటారు బండికి ఆ సౌకర్యం లేదు. దాని ఆహారాన్ని అదే మోసుకొని పోవాలి. మోసుకొని పోయే బరువుకు కూడా అది ఆహారం తినాలి. చూడడానికి చిన్న చిక్కుగా కనబడే ఈ విషయమే 1920-45 మధ్యకాలంలో లిబియా ఎడారిలో మనుషుల ప్రాణాలను, యుద్ధాల గతిని శాసించింది.

రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు ఈ చిక్కుతో చాలా ఏళ్ళు పెనుగులాడాడు. 1920 దశకంలో ఈజిప్టులో పనిచేస్తూ, సెలవులు దొరికినప్పుడల్లా మిత్రులతో కలిసి ఫోర్డు కార్లలో ఇసుకదిబ్బల మధ్యకు పోయేవాడు. తరువాత కొంతకాలం అతని ఉద్యోగం భారతదేశపు వాయవ్య సరిహద్దులో. అయినా సెలవు పెట్టి ఈజిప్టుకు ప్రయాణమయ్యేవాడంటే అతని పట్టుదల ఎట్టిదో ఊహించవచ్చును. ఇసుక గాలికి ఎట్లా కదులుతుందో పరిశోధించి అతడు వ్రాసిన గ్రంథం 1941లో వెలువడింది. ఆ శాస్త్రంలో నేటికీ దానిని మూలగ్రంథంగానే భావిస్తారు.

ఎడారిలో అతడు మొదట పట్టించుకొన్నది నీటి సంగతి. ఆ రోజులలో ఇంజను వేడెక్కగానే రేడియేటరు నీరు మరిగి ఆవిరైపోయేది. బాగ్నాల్డ్ రేడియేటరు నుండి ఒక గొట్టం తీసి, బండి పక్కన కట్టిన నీటి డబ్బాలోకి దింపాడు. ఆవిరి ఆ డబ్బాలో చల్లబడి నీరవుతుంది. ఇంజను చల్లారినప్పుడు రేడియేటరులో పీడనం తగ్గి, ఆ నీరు తిరిగి గొట్టం ద్వారా లోపలికి పోతుంది. ఒక్క చుక్క వృథా కాదు. ఇది ఇంధనానికి సంబంధించని విషయమని అనుకోరాదు. ఒక గాలను నీటి బరువు నాలుగున్నర కిలోలు. గాలను పెట్రోలు సుమారు మూడున్నర కిలోలకు మించదు. మిగిలిన ప్రతి గాలను నీటికి బదులుగా గాలనుకు పైగా పెట్రోలు వేసుకోవచ్చునన్నమాట.

1939లో బాగ్నాల్డ్ ఎక్కిన ఓడ మధ్యధరా సముద్రంలో మరొక ఓడను ఢీకొనడం వల్ల అతడు మళ్ళీ ఈజిప్టులో దిగవలసివచ్చింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. లిబియా అప్పుడు ఇటలీ చేతిలో ఉండేది. ఎడారి లోపలి నుండి శత్రువు వెనుకకు పోయి చూసివచ్చే దళం కావాలన్న బాగ్నాల్డ్ సూచనను సేనాపతి వేవెల్ అంగీకరించాడు. ఆ విధంగా పుట్టినదే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్. వారు టన్నున్నర బరువు మోసే షెవ్రొలే లారీలను ఎన్నుకొని, వాటి తలుపులు, పైకప్పు, అద్దాలు ఊడదీసి, స్ప్రింగులు బలపరచి, నీటి డబ్బాలు అమర్చారు. ఆ దళాలు మధ్యలో సరఫరా లేకుండా సుమారు 1,100 మైళ్ళు పోగలిగేవి. హైదరాబాదు నుండి ఢిల్లీకి గల దూరం కంటె అది ఎక్కువ. దారిలో ఒక్క పెట్రోలు బంకు ఉండదు, రోడ్డూ ఉండదు.

ఒక లెక్క వేసి చూద్దాం. లారీ గాలనుకు 10 మైళ్ళు పోతుందనుకొంటే 1,100 మైళ్ళకు 110 గాలనులు కావాలి. దాని బరువు సుమారు 365 కిలోలు, అనగా లారీ మోయగల బరువులో దాదాపు నాలుగోవంతు. మిగిలిన చోటులో మనుషులు, నీరు, తిండి, తుపాకులు, మందుగుండు, వైర్‌లెస్ యంత్రం సర్దుకోవాలి. 1941లో ఈ దళానికి నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్డు లారీలు ఇచ్చారు. అవి ఇసుకలో బాగా పోయేవి, కాని పెట్రోలును విపరీతంగా తాగేవి. 1942లో వాటి స్థానంలో మళ్ళీ వెనుక చక్రాలు మాత్రమే తిరిగే షెవ్రొలేలు వచ్చాయి. బలం ఎక్కువైన బండి అన్నివేళలా దూరం పోదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంధనాన్ని దారిలో ముందుగా దాచుకొంటే సరిపోదా అని విద్యార్థులు అడగవచ్చును. దాచేవారు కూడా. అయితే ఆ పద్ధతికి ఎంత ఖర్చవుతుందో 1947లో ఎన్. జె. ఫైన్ అనే గణితవేత్త ఒక పత్రికలో చూపించాడు. ‘జీపు సమస్య’ అని దానికి పేరు. బండి మోయగల నిండు ఇంధనంతో అది పోయే దూరాన్ని 1 అనుకొందాం. రెండు నిండు బరువుల ఇంధనం ఉంటే ఎంత దూరం పోవచ్చు? మొదటి సారి మూడోవంతు దూరం పోయి, అక్కడ మూడోవంతు ఇంధనం దాచి, మిగిలిన మూడోవంతుతో వెనక్కు రావాలి. రెండవ సారి నిండుగా బయలుదేరి, ఆ చోటికి చేరి, దాచినది పోసుకొంటే బండి మళ్ళీ నిండుతుంది. మొత్తం పోయిన దూరం 1 + 1/3. మూడు బరువులైతే 1 + 1/3 + 1/5. ఈ వరుస ఇట్లాగే సాగుతుంది. ఉపాధ్యాయులు తరగతిలో కూడించి చూపవచ్చును: రెండింతల దూరం పోవాలంటే దాదాపు ఎనిమిది బరువుల ఇంధనం కావాలి. రెండింతలు పట్టే టాంకీ బిగిస్తే, అదనపు బరువుకు కొంత తరుగు పోయినా, ఆ దూరం రమారమి రెండు బరువులతోనే తీరిపోతుంది. పెద్ద టాంకీ మీద ఎడారి ప్రయాణికులకు గల మోజుకు ఇంతకంటె మంచి కారణం అక్కరలేదు.

కాని మోసే పాత్ర కారితే ఈ లెక్కలన్నీ వృథా. బ్రిటిష్ సైన్యం వాడినది నాలుగు గాలనుల తగరపు రేకు డబ్బా. ఒకప్పుడు తెలుగునాట ఇంటింటా నీళ్ళు మోయడానికి, ధాన్యం పోయడానికి వాడిన కిరసనాయిలు డబ్బాకు అది తోబుట్టువు. సైనికులు దానికి ‘ఫ్లిమ్సీ’ అని పేరు పెట్టారు, అనగా అర్భకపుది అని. రాత్రి చలిలో నింపిన డబ్బా పగలు ఎండలో 30 డిగ్రీలు వేడెక్కితే అందులోని 18 లీటర్ల పెట్రోలు అర లీటరు దాకా వ్యాకోచిస్తుంది. దానికి ఆవిరి ఒత్తిడి తోడు, రాళ్ళ మీద లారీ కుదుపులు తోడు. అతుకులు విడిపోయేవి. బయలుదేరిన పెట్రోలులో 30 శాతం దాకా దారిలోనే పోయేదని చెబుతారు. పై లెక్క ప్రకారం 110 గాలనులు చేరాలంటే 157 గాలనులు ఎక్కించాలి. కారిన పెట్రోలు ఆవిరి పక్కన ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ డబ్బాలు పొయ్యికి మాత్రం బాగా పనికివచ్చాయి. ఖాళీ డబ్బాను కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి వెలిగించి, సైనికులు టీ కాచుకొనేవారు.

జర్మన్లు ఈ సమస్యను ముందే ఆలోచించారు. ష్వెల్మ్ పట్టణంలోని ముల్లర్ కంపెనీ ఇంజనీరు విన్జెంజ్ గ్రూన్‌ఫోగెల్ 1937లో 20 లీటర్ల డబ్బాను రూపొందించాడు. ఉక్కు రేకును రెండు సగాలుగా అచ్చొత్తి వెల్డింగు చేయడంచేత దానిలో కారే అతుకులు లేవు. పక్కలకు ఒత్తిన గుణకారపు గుర్తు వంటి నొక్కులు రేకుకు గట్టిదనమిస్తాయి, వేడికి ఉబ్బడానికి చోటిస్తాయి. పిడులు మూడు: ఒకడు నిండు డబ్బాను మధ్య పిడితో మోయవచ్చు, ఇద్దరు చెరొక పక్క పిడి పట్టుకొని మోయవచ్చు, ఖాళీవైతే ఒక్కడే చేతికి రెండు చొప్పున నాలుగు పట్టుకొని పోవచ్చు. పై భాగంలో గాలి నిలిచే గూడు ఉన్నందున నిండు డబ్బా నీటిలో తేలుతుంది. మూతి వద్ద గాలిగొట్టం ఉన్నందున గుడగుడలాడకుండా ధారగా పోస్తుంది. మీట నొక్కితే మూత బిగుసుకొంటుంది. రెంచి అక్కరలేదు, గరాటు అక్కరలేదు.

ఎడారిలో బ్రిటిష్ వారికి దొరికిన డబ్బాలు బంగారమయ్యాయి. జర్మన్లను ‘జెర్రీ’ అని పిలిచేవారు కనుక దానికి జెర్రీకాన్ అని పేరు నిలిచింది. అమెరికన్లు దానిని చూసి కూడా సొంత తెలివి కొంత చేర్చారు. వెల్డింగుకు బదులు మడత అతుకు, మీటమూతకు బదులు మరమూత పెట్టారు. అది కారింది, పోయడానికి గరాటూ కావలసివచ్చింది. బ్రిటన్ మాత్రం జర్మన్ నమూనాను ఉన్నదున్నట్లు తయారు చేయించింది. మంచి వస్తువును మార్చకుండా అనుకరించడానికి కూడా కొంత వివేకం కావాలి కాబోలు.

నేడు ఇటువంటి ప్రయాణాలు ఎక్కువగా సాగేది ఆస్ట్రేలియాలో. సింప్సన్ ఎడారి దాటేటప్పుడు బర్డ్స్‌విల్ నుండి మౌంట్ డేర్ దాకా సుమారు 500 కిలోమీటర్లు ఇంధనం దొరకదు. ఇసుకలో బండి మామూలు రోడ్డు మీద కంటె చాలా ఎక్కువ తాగుతుంది. అందుచేత అక్కడివారు టొయోటా పికప్పులకు కంపెనీ ఇచ్చిన 130 లీటర్ల టాంకీ తీసి, 170, 180 లీటర్ల టాంకీలు బిగించుకొంటారు. నిండు డీజిలుతో అది 150 కిలోలవుతుంది కనుక వెనుక స్ప్రింగులు మార్చవలసిరావచ్చు. టాంకీ లోపల అడ్డుపలకలు లేకపోతే మలుపులో ద్రవం ఒక పక్కకు తోసుకువచ్చి బండిని తూలుస్తుంది. గాలిగొట్టం ఎత్తున లేకపోతే వాగు దాటేటప్పుడు టాంకీలోకి నీరు చేరుతుంది. కింద వేలాడితే రాయి తగులుతుంది. అయినా ఆ బరువును కప్పు మీద కట్టడం కంటె చట్రం కింద పెట్టడమే మేలు. గరిమనాభి దిగువన ఉంటే ఏటవాలు ఇసుకదిబ్బ మీద బండి బోర్లపడే ప్రమాదం తగ్గుతుంది.

ఇంత పెద్ద టాంకీ బిగించినవారు కూడా వెనుక రెండు జెర్రీకాన్లు కట్టుకొని బయలుదేరుతారు. రాయి తగిలి టాంకీకి చిల్లిపడితే ఉన్నదంతా ఒక్క చోటి నుండే కారిపోతుంది. విడి డబ్బాలలోని 40 లీటర్లు మాత్రం మిగులుతాయి.